మిద్దె మీది కార్ఖానా, చేతిలో లేని కాగితం

షబె బరాత్ దాటిన నాటి నుంచి హైదరాబాద్ పాతబస్తీలో ఇనుప గొట్టాలకూ రేకులకూ గిరాకీ పెరుగుతుంది. రమజాన్ మార్కెట్టుకు ఆర్డర్లు వచ్చి పడతాయి. ఉన్న గది చాలదు. మిద్దె మీద నాలుగు గొట్టాలు నిలబెట్టి, పైన రేకులు పరిచి, గాలివాన కొట్టే వైపు ఒక ఇటుక గోడ లేపితే మరో రెండు కార్చోబ్ అడ్డాలు పడతాయి. లేదా నాలుగు కుట్టు మిషన్లు నిలుస్తాయి. సెలవు దినాలు చూసుకొని పని మొదలుపెడతారు. కార్యాలయాలు తెరిచే నాటికి గోడకు సున్నం కూడా పడి ఉంటుంది. కర్నూలు, గుంటూరు, కడప పాత పేటలలోనూ ఇదే తీరు. ఒకచోట అది వెల్డింగ్ షెడ్డు, ఒకచోట వడ్రంగం, ఒకచోట కూలర్ల తయారీ.

ఈ గదిని గురించి మన సమాజం బహిరంగంగా మాట్లాడుకోదు. అధికారి గుమ్మంలో నిలబడినప్పుడు మాత్రమే మాట్లాడుకుంటుంది. అప్పటికి మాట్లాడవలసిన సమయం దాటిపోయి ఉంటుంది. అనుమతి లేకుండా కట్టుకున్న ఇంటి కార్ఖానా మన పేదరికానికి దొరికిన దారిగా కనిపిస్తుంది గాని, మన హక్కులను మన చేతులతోనే తాకట్టు పెట్టే స్థలం కూడా అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ తాకట్టును విడిపించుకునే బాధ్యతలో ప్రభుత్వానికి పెద్ద వాటా ఉన్నది. మనకూ కొంత వాటా ఉన్నది.

ముందుగా ఆ గది ఎవరిదో చూద్దాం. 2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం ముస్లిం శ్రామికులలో 61 శాతం స్వయం ఉపాధి మీద ఆధారపడినవారు. హిందూ శ్రామికులలో ఆ నిష్పత్తి 55 శాతం. పట్టణాలకు వస్తే అంతరం మరింత పెద్దది: 57 శాతం, 43 శాతం. ఆ నివేదికలో తక్కువగా ఉదహరించబడే అంకె ఇంకొకటి ఉన్నది. పనిచేసే ముస్లిం మహిళలలో 70 శాతం తమ ఇంటిలోనే పనిచేస్తున్నారు. అన్ని వర్గాల మహిళలనూ కలిపి చూస్తే అది 51 శాతం. అంకెలు పాతవే అయినా, చార్మినార్ చుట్టుపక్కల ఏ గల్లీలోనైనా రెండు మెట్లెక్కి చూసినవారికి వాటి అర్థం నేటికీ బోధపడుతుంది. ఇతరులకు పని ఒక చోట, ఇల్లు ఒక చోట. మనలో అత్యధికులకు రెండూ ఒకే పైకప్పు కింద. కనుక ఆ గదికి సీలు పడినా, గోడ కూలినా మొదట ఆదాయం పోయేది ఇల్లు దాటి పనికి వెళ్లలేని స్త్రీకి. మగవాడు మరో కార్ఖానాలో కూలికి కుదురుకోగలడు. ఆమె ఎక్కడికి వెళ్లాలి?

అదే నివేదిక మరో సంగతిని కూడా నమోదు చేసింది. ముస్లింలు అధికంగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు అప్పులు ఇవ్వరాని ‘ఎర్ర’ మండలాలుగా గుర్తు పెట్టుకున్నాయన్న ఫిర్యాదులు కమిటీ దృష్టికి వచ్చాయి. అప్పు పుట్టనిచోట దుకాణం అద్దెకు దొరకదు. దుకాణం లేనివాడు మిద్దె ఎక్కుతాడు. అందువలన మిద్దె మీది షెడ్డును ఒక మనిషి మొండితనంగా మాత్రమే చూసే అధికారి, ఆ మనిషిని మెట్లెక్కించిన చరిత్రను చూడటం లేదన్నమాట.

లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషించవలసిన విషయమే. కాని ఆ గాజుకు ఉన్న గుర్తింపు, దానిని బొగ్గుల వేడి మీద మెత్తబరచి, చుట్టి, అద్దాలు పొదిగే గదికి లేదు. చాలా సందర్భాలలో ఆ గది ఏ రికార్డులోనూ ఉండదు. ప్రపంచానికి తెలిసిన వస్తువు, మున్సిపాలిటీకి తెలియని గదిలో తయారవుతున్నది.

అనుమతి ఎందుకు తీసుకోరు? సోమరితనం వలన కాదు. పాతబస్తీలో స్థలాలు తరతరాలుగా నోటరీ కాగితాల మీద చేతులు మారాయి. రిజిస్టరయిన దస్తావేజు లేనివాడు దరఖాస్తు దగ్గరే ఆగిపోతాడు. తాత పేరు మీద ఉన్న 60 గజాలు ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ల మధ్య నోటిమాటగా పంచుకొని ఉంటారు. ఎవరి పేరున అడగాలి? మునుపు మూడు సార్లు తిరిగి విసిగినవాడు నాలుగోసారి వెళ్లడు. వీటన్నిటి నడుమ మధ్యవర్తి ఒకడు తయారవుతాడు. ‘కాగితం ఎందుకు భాయ్, నేను చూసుకుంటాను’ అంటాడు. మామూలు ముట్టజెప్పిన తరువాత గోడ లేస్తుంది. మామూలుకు రసీదు ఉండదు. ఆ ఇన్‌స్పెక్టర్ బదిలీ అయి కొత్తవాడు వస్తే, లేదా పక్కింటివారితో మురుగు కాలువ దగ్గర మాటామాటా పెరిగి వారు ఫిర్యాదు చేస్తే, కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఒకసారి దరఖాస్తు రుసుము కట్టడానికి వెనుకాడిన కుటుంబం ఏటేటా అంతకు ఎక్కువే చెల్లిస్తూ, ఏ నాటికీ ఆ గదికి యజమాని కాలేకపోతున్నది.

ఇంటి పన్ను రసీదు ఉన్నది, కరెంటు బిల్లు ఉన్నది, ఇంకేం కావాలి అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం నిరాధారమైనది. అనుమతి లేని కట్టడం మీద కూడా కార్పొరేషన్ పన్ను వసూలు చేస్తుంది. పన్ను తీసుకున్నంత మాత్రాన కట్టడాన్ని ఆమోదించినట్లు కాదు. పన్ను రసీదు మీరు అక్కడ ఉన్నారని చెబుతుంది. ఉండే హక్కు ఉన్నదని చెప్పదు.

ఇక బుల్‌డోజర్ విషయం. 2022 ఏప్రిల్‌లో ఖర్గోన్, జహంగీర్‌పురి, అదే ఏడాది జూన్‌లో ప్రయాగ్‌రాజ్, 2023 ఆగస్టులో నూహ్: ప్రతిచోటా ఘర్షణో నిరసనో జరిగిన కొద్ది రోజులకే యంత్రాలు వచ్చాయి. శిక్షించాలన్న ఉద్దేశం అందరికీ కనిపించింది. కాని అధికారులు చూపిన కారణంలో శిక్ష అన్న మాట లేదు. అక్రమ నిర్మాణం, ఆక్రమణ, నక్షాకు ఆమోదం లేదు అన్న మాటలే ఉన్నాయి. పగబట్టినవాడికి సాకు కావాలి. ఆ సాకును మన మిద్దెల మీద, మన ఖర్చుతో, మనమే సిద్ధం చేసి ఉంచుతున్నాము.

‘అనుమతి ఉన్న ఇంటిని మాత్రం వదిలిపెడతారా?’ అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. అధికారం కన్నెర్రజేసినప్పుడు కాగితం గోడను కాపాడుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. కాని గోడ కూలిన తరువాత కోర్టులో నిలబడేది కాగితమే. ప్రయాగ్‌రాజ్‌లో 2021లో నోటీసును సరిగా అందజేయకుండా, కేవలం గోడకు అంటించి ఇళ్లను కూల్చిన కేసులో 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఒక్కొక్క బాధితునికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని అక్కడి అభివృద్ధి ప్రాధికార సంస్థను ఆదేశించింది. వారు పోరాడగలిగింది ప్రక్రియను ఉల్లంఘించారన్న ఆధారం మీద. కాగితాలు, తేదీలు, కవర్లు దాచుకున్నవారికే ఆ ఆధారం దక్కుతుంది.

అంతకు ముందే, 2024 నవంబర్ 13న న్యాయమూర్తులు బి.ఆర్. గవాయ్, కె.వి. విశ్వనాథన్ ధర్మాసనం దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. కూల్చివేతకు ముందు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. అందిన నాటి నుంచి 15 రోజులు, లేదా స్థానిక చట్టం అంతకంటే ఎక్కువ గడువు ఇస్తే ఆ గడువు ఉండాలి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో రావాలి. కట్టడం మీద కూడా అంటించాలి. అదే సమయంలో కలెక్టర్ కార్యాలయానికి ఈమెయిల్ ద్వారా తెలియజేయాలి. వెనుకటి తేదీలు వేసి నోటీసులు పుట్టించకుండా ఈ ఏర్పాటు. యజమాని చెప్పేది ముఖాముఖిగా వినాలి. తుది ఉత్తర్వులో, ఆ ఉల్లంఘన రుసుముతో క్రమబద్ధం చేయదగినదా కాదా, కూల్చడం తప్ప మార్గాంతరం ఎందుకు లేదో రాయాలి. ఆపైన మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. వీటిని అతిక్రమించిన అధికారి తన సొంత సొమ్ముతో నష్టాన్ని పూడ్చవలసి ఉంటుంది.

మన సభలలో ఈ తీర్పును గొప్ప విజయంగా చెప్పుకున్నాము. తీర్పులో మిగిలిన భాగాన్ని అంత గట్టిగా చెప్పుకోలేదు. రోడ్డు, కాలిబాట, రైలు పట్టాల పక్కన, నది లేదా జలాశయం వంటి బహిరంగ స్థలాలలో అనుమతి లేకుండా కట్టినవాటికి ఈ రక్షణ వర్తించదు. కోర్టు స్వయంగా కూల్చమన్న చోట కూడా వర్తించదు. మూసీ ఒడ్డున, చెరువుల శిఖం భూములలో గది వేసుకున్నవారు ఆ మినహాయింపును జాగ్రత్తగా చదవాలి. 2024లో మూసీ తీరాన ఇళ్ల మీద ఎర్ర గుర్తులు పడినప్పుడు వణికిన కుటుంబాలలో మనవారు ఎందరో. అక్కడ కేవలం నోటీసు గడువు మీద ఆధారపడితే చాలదు. పునరావాసం కోసమే పోరాడాలి.

‘బంజారాహిల్స్‌లో కట్టినవారిని అడిగారా?’ అన్న ప్రశ్న కూడా తరచుగా వినిపిస్తుంది. అడగరు, నిజమే. సంపన్నుని అదనపు అంతస్తు ‘అతిక్రమణ’ అవుతుంది, పేదవాని రేకుల షెడ్డు ‘ఆక్రమణ’ అవుతుంది. ఈ వివక్షను పత్రికలలో, శాసనసభలో ఎండగట్టవలసిందే. కాని కోర్టులో అది పనికివచ్చే వాదన కాదు. మరొకరికి చట్టవిరుద్ధంగా దక్కిన మేలును నాకూ ఇవ్వమని 14వ అధికరణం కింద అడగరాదని సుప్రీంకోర్టు అనేక పర్యాయాలు చెప్పింది. రాజకీయ వేదిక మీద బలమైన మాట న్యాయస్థానంలో బలహీనం కావచ్చు. ఏది ఎక్కడ వాడాలో మన కార్యకర్తలు తెలుసుకొని ఉండాలి.

ఇంతవరకు చెప్పినది రాజ్యం నుంచి వచ్చే అపాయం. అంతకంటే దగ్గరి అపాయం ఆ గదిలోనే ఉన్నది. 2019 డిసెంబర్ 8 తెల్లవారుజామున ఢిల్లీ అనాజ్ మండీలో సంచులు, టోపీలు తయారుచేసే ఒక భవనంలో మంటలు రేగి 43 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది బిహార్ నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన ముస్లిం యువకులు. పనిచేసిన చోటే పడుకున్నవారు. మంటకంటే ముందు పొగకు ఊపిరాడక పోయినవారు. ఆ భవనానికి అగ్నిమాపక శాఖ అనుమతి లేదు. 2022 మార్చి 23న సికింద్రాబాద్ భోయిగూడలో తుక్కు గోదాము అంటుకొని పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బిహార్ కూలీలు దిగే దారి లేక చనిపోయారు. 2025 మే 18న చార్మినార్‌కు కూతవేటు దూరంలోని గుల్జార్ హౌజ్ దగ్గర, కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న పాత భవనంలో ఒక హిందూ వ్యాపారి కుటుంబానికి చెందిన 17 మంది బలయ్యారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. లోపలికీ బయటికీ ఉన్నది ఒకటే ఇరుకు దారి.

అగ్నికి మతం లేదని వేరే చెప్పనక్కరలేదు. కాని మెట్లు ఎన్ని అడుగులు ఉండాలి, రెండో దారి ఉండాలా, కిటికీ ఎటు తెరుచుకోవాలి అన్న ప్రశ్నలు అడిగే చోటు ఒక్కటే ఉన్నది. అది ఆ అనుమతి దరఖాస్తే. దానిని తప్పించుకున్నామంటే ఆ ప్రశ్నలను తప్పించుకున్నామన్నమాట. మన కార్ఖానా గదులను ఒకసారి చూడండి. గృహ అవసరాలకు వేసిన పాత తీగల మీదనే మోటారు, ఇస్త్రీ పెట్టె, కూలర్ అన్నీ నడుస్తాయి. మూలన జిగురు డబ్బాలు, థిన్నర్, గుడ్డ పేలికలు. మెట్ల కింద గ్యాస్ సిలిండర్. రాత్రి అదే గదిలో పరుపులు పరుస్తారు. దొంగల భయంతో కింద ఇనుప షట్టర్‌కు తాళం. ఆ తాళపు చెవి ఎవరి దగ్గర ఉంటుందో మొదట తేల్చుకోండి. మిగిలిన విషయాలు తరువాత మాట్లాడుకోవచ్చు.

చెప్పడానికి కష్టమైన మాట ఒకటి. కంటికి కనిపించని గదిలో కంటికి కనిపించని మనుషులు ఉంటారు. 2015 జనవరిలో హైదరాబాద్ పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలకు పైగా బాలలను విడిపించారు. వారిలో అధికులు బిహార్ నుంచి తెచ్చినవారు. ఆ ఇళ్లకు బోర్డు లేదు, పేరు లేదు, హాజరు పుస్తకం లేదు. పొరుగువారికి తెలియదని అనుకోగలమా? అనుమతి లేని గది యజమానిని అధికారి నుంచి దాచినట్లే, కూలీని చట్టం నుంచి దాచుతుంది. మైనారిటీ హక్కులను గురించి మాట్లాడే పత్రిక ఆ పిల్లల హక్కులను గురించి మౌనం వహిస్తే మన మాటకు విలువ ఉండదు. 1948 నాటి కర్మాగారాల చట్టం ప్రకారం విద్యుత్తుతో పది మంది పనిచేసే చోటు కర్మాగారం. కొత్త కార్మిక కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. అంటే పన్నెండు మంది పనిచేసే గది ఆ తనిఖీ పరిధి నుంచి జారిపోయింది. దీనిని చిన్న యజమానికి దొరికిన ఊరటగా చెప్పుకునేవారున్నారు. ఆ పన్నెండు మంది తల్లులను అడిగితే వేరే మాట చెబుతారు.

మతపరంగా చూసినా, అనుమతి నియమాలను ‘వాళ్ల చట్టం’ అని తోసిపుచ్చడానికి ఆస్కారం లేదు. హజ్రత్ దావూద్ (అ) స్వహస్తాలతో చేసిన పని మీద బతికారని మనం గర్వంగా చెప్పుకుంటాము. చేతిపని గౌరవం మన విశ్వాసంలో భాగం. ఎవరికీ హాని తలపెట్టరాదు, హానికి హాని బదులు కారాదన్న దైవప్రవక్త (స) ఉపదేశం కూడా అంతే భాగం. ఆ ఉపదేశం పునాదిగా మన ఫిఖహ్ పండితులు ఇళ్లు, గోడలు, గల్లీల మీద విస్తారమైన న్యాయాన్ని రూపొందించారు. 14వ శతాబ్దంలో ట్యూనిస్ నగరంలో ఇబ్న్ అర్రామీ అనే మేస్త్రీ ఉండేవాడు. కట్టడాల తగాదాలలో ఖాజీలకు సలహా ఇస్తూ, చివరకు ఆ విషయం మీద ఒక గ్రంథమే కూర్చాడు. కొలిమి పొగ పొరుగింటికి వెళ్లడం, తిరగలి అదురుకు పక్క గోడ పగుళ్లు ఇవ్వడం, చర్మాల కంపు, పరాయి ఇంటి ఆవరణలోకి చూసే కిటికీ – ఇవన్నీ అతని కాలపు వివాదాలు. మన మిద్దెల మీది వివాదాలూ ఇవే. కోత మిషన్ రొదకు పక్కింటి ముసలమ్మకు నిద్ర పట్టకపోతే, అది మున్సిపాలిటీకి సంబంధించిన విషయం కావడానికి ముందే హుఖూఖుల్ ఇబాద్‌కు సంబంధించిన విషయం.

అనుమతి అనగానే కొండంత భయం అవసరం లేదు. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తుకు మించని ఒకటి లేదా రెండు అంతస్తుల ఇంటికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే సరిపోతుంది. 75 గజాలు దాటి 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. పాతబస్తీలో 75 గజాలకు మించని ఇళ్లు ఎన్ని లేవు! ఆ ఒక్క రూపాయి సంగతి తెలియక మధ్యవర్తికి వేలు సమర్పించినవారున్నారు. అయితే రెండు షరతులు మరువరాదు. ఈ సౌకర్యం నివాస గృహానికి, కార్ఖానాకు కాదు. రెండు అంతస్తులు ఉన్న ఇంటి మీద మూడోదిగా వేసిన రేకుల షెడ్డు ఈ గీత దాటినట్లే. పైగా అదే చట్టం అబద్ధపు ధ్రువీకరణ ఇచ్చినవారి మీద, అనుమతి లేని కట్టడాల మీద నోటీసు లేకుండానే చర్య తీసుకునే అధికారాన్ని కూడా అధికారుల చేతికి ఇచ్చింది. ఒక చేత్తో సౌలభ్యం, మరో చేత్తో కత్తి. 2024 తీర్పు తరువాత ఆ అధికారాన్ని ప్రశ్నించడానికి గట్టి ఆధారం ఏర్పడింది. మన న్యాయవాదులు ఆ పనికి పూనుకోవాలి.

కరెంటు విషయంలో నిర్లక్ష్యం మరీ ఎక్కువ. గృహ కనెక్షన్ మీద కార్ఖానా నడిపితే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం అవుతుంది. రేటుకు రెట్టింపు లెక్కన, ఎప్పటి నుంచో తేలకపోతే ఏడాది కాలానికి, బిల్లు వేస్తారు. కుటీర పరిశ్రమలకు తెలంగాణలో ప్రత్యేక వర్గం ఉన్నది. వాణిజ్య రేటు కంటే చాలా చవక. దానికి దరఖాస్తు చేసుకోవాలంటే ముందు ‘ఇక్కడ పని జరుగుతున్నది’ అని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికే మనకు భయం. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన విశ్వకర్మ పథకంలో దర్జీ, వడ్రంగి, కమ్మరి, తాళాలు చేసేవాడు మొదలైన 18 వృత్తులకు 5 శాతం వడ్డీ మీద మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల రుణం ఉన్నది. జర్దోజీ పనివారు, లక్క గాజుల పనివారు ఆ 18 వృత్తులలో లేరు. ఇది చిన్న లోపం కాదు. ప్రపంచానికి చూపించుకునే చేతిపనిని పథకంలో మరిచిపోయారు. మన ప్రజాప్రతినిధులు ఢిల్లీలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇది.

ప్రభుత్వం చేయవలసినది ఇంకా ఉన్నది. నివాస ప్రాంతంలో ఏ పని నడవవచ్చో, ఎందరితో, ఎంత విద్యుత్తుతో అన్నది సామాన్యునికి అర్థమయ్యే భాషలో, తెలుగులోనూ ఉర్దూలోనూ, ఒక్క పుటలో ప్రకటించాలి. ఢిల్లీ 2021 మాస్టర్ ప్లాన్ ఇంటి పరిశ్రమకు ఐదుగురు పనివారు, ఐదు కిలోవాట్లు అని స్పష్టమైన గీత గీసింది. అటువంటి గీత ఉంటే గదిలో ఎందరు కూర్చోవచ్చో కుటుంబానికే తెలుస్తుంది. మధ్యవర్తికి పని ఉండదు. 2015లో ప్రకటించిన భవనాల క్రమబద్ధీకరణ పథకంలో రుసుము కట్టిన దరఖాస్తుదారులు కోర్టు కేసు పేరిట ఏళ్లకేళ్లు వేలాడారు. నమ్మి ముందుకు వచ్చినవానినే శిక్షించినట్లయింది. మరోసారి రమ్మంటే ఎవరు వస్తారు? నోటరీ కాగితాల చిక్కు విప్పకుండా అనుమతులను గురించి ఉపన్యసించడం తలుపు మూసి లోపలికి రమ్మనడమే.

పొగ, రొద, మంట ఉన్న పనులకు మిద్దె ఎన్నటికీ తగిన చోటు కాదు. వాటికి వేరే స్థలం ఇవ్వాలి. రోడ్ల పక్కన పనిచేసుకునే మెకానిక్కులకు విజయవాడ ఆటోనగర్ ఒక చిరునామా ఇచ్చింది. అక్కడ పని నేర్చి యజమానులైన ముస్లిం కుటుంబాలు ఎన్నో. పాతబస్తీలోనే, నడిచి వెళ్లగల దూరంలో, చిన్న చిన్న గదులు అద్దెకిచ్చే పనిభవనాలు కావాలి. ఊరి చివర ఇరవై కిలోమీటర్ల అవతల పారిశ్రామికవాడలో స్థలం ఇస్తామంటే మగవారు వెళతారేమో గాని, మధ్యాహ్నం పిల్లలకు అన్నం పెట్టి మళ్లీ సూది పట్టే స్త్రీ వెళ్లలేదు. వక్ఫ్ స్థలాలలో ఖాళీగా పడి ఉన్నవాటిని నిబంధనల మేరకు ఇందుకు వినియోగించవచ్చునా అన్నది మన పెద్దలు చర్చించాలి. దుకాణాల అద్దెల మీద చూపించే ఆసక్తిలో సగం దీని మీద చూపినా మేలు.

మసీదు కమిటీలు ఈ పనిని తమది కాదనుకోరాదు. జుమా తరువాత ఒక గంట సేపు బల్ల వేసుకొని కూర్చునే ఒక న్యాయవాది, ఒక లైసెన్సు ఉన్న ఇంజనీరు, ఆన్‌లైన్ దరఖాస్తు నింపగల ఒక విద్యార్థి చాలు. దస్తావేజు లేనివారికి ఏ కాగితాలు కావాలో చెప్పాలి. వారసుల నుంచి రాతపూర్వక ఒప్పందం తీసుకోవడానికి సాయపడాలి – ఆ ఒప్పందంలో ఆడపిల్లల వాటా మరుగున పడకుండా చూడాలి. సుప్రీంకోర్టు చెప్పిన డిజిటల్ పోర్టల్, అంటే నోటీసు, జవాబు, ఉత్తర్వు అన్నీ ఉంచవలసిన వెబ్ వ్యవస్థ, మన పట్టణంలో పనిచేస్తున్నదో లేదో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. మొహల్లాలో ఎన్ని కార్ఖానా గదులకు రెండో దారి ఉన్నదో మనమే తిరిగి లెక్క రాసుకోవాలి. ఈ లెక్క అధికారికి ఇవ్వడానికి కాదు. ముందుగా మన కళ్లు తెరవడానికి.

ఇప్పటికే గది కట్టుకొని, ఇప్పటికే నోటీసు అందుకున్నవారికి ఒక మాట. నోటీసు తీసుకోవడానికి నిరాకరించకండి. నిరాకరిస్తే గడువు ఆగదు, మీ వాదన మాత్రం పోతుంది. ఇంట్లో మగవారు లేరని తలుపు మూయవద్దు. నోటీసు అంటించిన గోడను తేదీ కనిపించేలా ఫోటో తీయండి. జవాబును రాతలోనే ఇచ్చి, నకలు మీద కార్యాలయ ముద్ర వేయించుకోండి. ముఖాముఖి విచారణ కోరుతున్నామని, ఏ మేరకు క్రమబద్ధం చేయవచ్చో చెప్పాలని ఆ జవాబులోనే రాయండి. గదిలో నిద్రించేవారిని, గ్యాస్ సిలిండర్‌ను ఆ రాత్రే కిందికి దించండి. పదిహేను రోజుల లెక్క నోటీసు అందిన నాటి నుంచి మొదలవుతుంది, దాని మీద రాసిన తేదీ నుంచి కాదు. కనుక తపాలా ముద్ర ఉన్న ఆ కవరును పారవేయకండి.